డయాలిసిస్ గదిలో మాస్కు తప్పనిసరి చేయాలా? ఉద్దానం నుంచి ఒక ప్రశ్న

ఉద్దానం చదువరి:
వానలు మొదలయ్యాయంటే మా శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో దగ్గూ జ్వరమూ లేని ఇల్లు కనబడదు. చాలామందికి అది వారంలో తగ్గిపోయే జబ్బే. కానీ మూత్రపిండాలు దెబ్బతిని, వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలపాటు యంత్రం పక్కన పడుకోవలసినవారు ఈ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు. ఇన్‌ఫ్లూయెంజా గానీ కరోనా గానీ సోకితే అది న్యుమోనియాకు దారితీసే ప్రమాదం వారికి ఇతరులకన్నా ఎక్కువ. జనంలోకి వెళ్లకుండా ఇంట్లో ఉండమన్న సలహా వారి విషయంలో చెల్లదు, ఎందుకంటే డయాలిసిస్ మానేస్తే ప్రాణానికే ముప్పు. అందువల్ల డయాలిసిస్ గదుల్లో సిబ్బందికీ, రోగుల వెంట వచ్చేవారికీ ఏడాది పొడవునా మాస్కు తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. బస్సుల గురించీ సంతల గురించీ నేను అడగడం లేదు. దీనిపై మీరేమంటారు?

బొబ్బిలి మాస్టారు:
మీ ఆవేదన అర్థమైంది గానీ, తప్పనిసరి అన్న మాట వినగానే నాకు 2020 గుర్తుకు వస్తుంది. అప్పుడు జరిమానా భయంతో మాస్కును గడ్డానికి తగిలించుకుని, పోలీసు కనబడితే పైకి లాగినవారే ఎక్కువ. పైగా వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ 2023 జనవరిలో వెలువరించిన సమీక్ష, సమాజంలో మాస్కులు ధరించడం వల్ల శ్వాసకోశ వ్యాధులు తగ్గుతాయన్న నిశ్చయానికి రాలేకపోయింది. చేతులు కడుక్కోవడం వల్ల కొంత మేలు ఉన్నట్టు ఆ సమీక్షలోనే ఉంది. నిరూపణ బలంగా లేని చోట నిర్బంధం పెట్టడం, అదీ దూరప్రయాణం చేసి అలసి వచ్చిన రోగి భార్యనో కొడుకునో గుమ్మం దగ్గర ఆపడం న్యాయమేనా?

రాజాం నర్సు:
మాస్టారూ, ఆ సమీక్ష మాస్కులు పనిచేయవని తేల్చినట్టు ప్రచారం జరగడంతో, అలా చెప్పడం సరికాదని కోక్రేన్ ప్రధాన సంపాదకురాలే అదే ఏడాది మార్చిలో వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఆ సమీక్ష లెక్కలోకి తీసుకున్నవి జనానికి మాస్కులు పెట్టుకోమని చెప్పి చూసిన ప్రయోగాలు. చెప్పినా పెట్టుకోనివారు చాలామంది ఉంటారు కనుక, ముక్కుకూ నోటికీ సరిగా పెట్టుకున్న మాస్కు ఎంత ఆపుతుందన్న ప్రశ్నకు ఆ లెక్కల్లో నేరుగా జవాబు దొరకదు. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో మాస్కులు ఉచితంగా ఇచ్చి, పెద్దల చేత చెప్పించి, వీధుల్లో మర్యాదగా గుర్తుచేస్తే ధరించేవారు సుమారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన గ్రామాల్లో లక్షణాలతో బయటపడిన కరోనా దాదాపు 11 శాతం తగ్గింది, అరవై దాటినవారిలో ఆ మేలు ఇంకా స్పష్టంగా కనబడింది. గుడ్డ మాస్కుల విషయంలో అంత ధీమాగా చెప్పలేం. అక్కడ ఎవరికీ జరిమానా వేయలేదు. కాబట్టి మీ అభ్యంతరంలో సగం నాకూ సమ్మతమే.

అయితే మనం మాస్కు దగ్గరే ఆగిపోతున్నామని నా బాధ. కరోనా వైరస్ గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చిలో ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరుసటి ఏడాదికల్లా గదుల్లోకి బయటి గాలి వచ్చే ఏర్పాట్ల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. మాట్లాడినప్పుడు నోటి నుంచి వెలువడే పెద్ద తుంపర్లు కొన్ని సెకన్లలో నేలకు చేరతాయి. 5 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర మనిషి ఎత్తు నుంచి కదలని గాలిలో నేలకు దిగడానికి సుమారు అరగంట పడుతుంది, ఒక మైక్రాను తుంపరకైతే గంటలు పడుతుంది. నాలుగు గంటలు ఒకే మంచం మీద ఉండే రోగికి, పక్క మంచం ఎంత దూరంలో ఉందన్నదానికన్నా గదిలో గాలి ఎంత తరచుగా మారుతోందన్నదే ముఖ్యం.

ఒక గదిని లెక్కకు తీసుకోండి. పొడవు 30 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 10 అయితే దానిలో పట్టే గాలి సుమారు 170 ఘనపు మీటర్లు. ఆసుపత్రులు కాని మామూలు భవనాలకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి. రోగులూ సిబ్బందీ కలిసి 20 మంది ఉంటే గంటకు 720 ఘనపు మీటర్లు కావాలి, అంటే గది గాలి గంటకు నాలుగుసార్లకు పైగా పూర్తిగా మారాలి. మన దగ్గర చేసేది ఏమిటంటే, కిటికీలు బిగించి స్ప్లిట్ ఏసీ వేయడం. ఆ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ అందరి మీదికీ వదులుతుంది. గది చల్లగా ఉంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది, అదే చిక్కు. ఒక గోడకు మంచి ఎగ్జాస్టు ఫ్యానూ, ఎదుటి గోడకు గాలి వచ్చే దారీ ఉంటే పై లెక్క దాదాపు తీరుతుంది. రెండోది లేకుండా ఫ్యాను ఒక్కటే పెడితే అది శబ్దం చేస్తుందే తప్ప గాలి లాగదు.

విజయనగరం కోటవీధి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఇరవై మంది ఉన్న గదికి ఇన్ని లెక్కలైతే, లక్షల మంది చేరే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం సంగతేమిటి? ముందు దానిని కదా అదుపు చేయాలి?

రాజాం నర్సు:
సిరిమాను తిరిగేది గుడికీ కోటకూ మధ్య, ఆరుబయట. అక్కడా సోకవచ్చు, కానీ బయటి గాలిలో తుంపర్లు త్వరగా చెదిరిపోతాయి. నాకు భయం జాతర మీద కాదు, జాతరకు వస్తూ పోతూ అద్దాలు మూసిన వ్యాన్లలో కిక్కిరిసి కూర్చునే గంటల మీద. వాన లేనప్పుడు అద్దాలు రెండు వేళ్ల మేర దించి ఉంచినా తేడా ఉంటుంది.

పలాస జీడిపిక్క:
మాస్కూ గాలీ సరే, జబ్బు చేసినవాడు ఇంట్లో ఉండగలడా అన్నది ఎవరూ అడగలేదు. మా అమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టి, ఇప్పుడు తొక్క తీసే పనిలో ఉంది. కిలో లెక్కన కూలి, రాకపోతే సున్నా. మా వీధిలో అలాంటి ఇళ్లలోనే డయాలిసిస్‌కు వెళ్లేవారూ ఉన్నారు. ఫ్లూ వచ్చినవారి నుంచి లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ వెలువడుతుందనీ, మొదటి మూడు నాలుగు రోజుల్లో అది ఎక్కువగా ఉంటుందనీ చదివాను. ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) ఉన్న కార్మికులకు జబ్బు చేస్తే వేతనంలో 70 శాతం ఇస్తారు గానీ, సాధారణంగా మొదటి రెండు రోజులకు ఇవ్వరు. అంటే ఇతరులకు అంటించే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మనిషిని పనికి పంపే నిబంధన అన్నమాట! పది మందికన్నా తక్కువ పనిచేసే చిన్న బట్టీలకు ఆ మాత్రం కూడా వర్తించదు. అక్కడి నుంచి దగ్గుతూ ఇంటికి వచ్చిన మనిషే సాయంత్రం రోగికి తోడుగా ఆసుపత్రికి వెళతాడు. మీ గుమ్మం దగ్గర మాస్కు అతన్ని ఎంతవరకు ఆపుతుంది?

బొబ్బిలి మాస్టారు:
ఈ కోణం నేను ఊహించలేదు, ఇది మాస్కుకన్నా బలమైన ప్రశ్న. అయినా నా ఆక్షేపణ పోలేదు. ఏడాది పొడవునా అన్న నిబంధనను మూడో నెలకే అందరూ మరచిపోతారు. గాలి ఏర్పాటు ఒకసారి చేస్తే ఎవరి క్రమశిక్షణతోనూ పని లేకుండా నడుస్తుంది కనుక, ముందు దానికే డబ్బు పెట్టమంటాను.

ఉద్దానం చదువరి:
గాలి ముందు అన్నదానికి ఒప్పుకుంటాను, మాస్కు తరువాత అన్నదానికి ఒప్పుకోను. గోడకు రంధ్రం కొట్టడానికి అంచనాలూ అనుమతులూ ఎన్ని నెలలు పడతాయో మనందరికీ తెలుసు, ఆ లోపల రోగులు ఊపిరి బిగబట్టి కూర్చోలేరు కదా. తోడుగా వచ్చినవారిని ఆపి పంపేయమనడం లేదు. గుమ్మంలోనే ఉచితంగా సర్జికల్ మాస్కు చేతికివ్వాలి, దగ్గు ఉన్నవారికి వరండాలో కుర్చీ వేయాలి. సిబ్బందికి మాత్రం మినహాయింపు ఉండకూడదు, ఎందుకంటే ఒక విడత రోగుల నుంచి మరో విడత రోగుల దగ్గరికి వెళ్లేది వారే. ఏడాది పొడవునా అన్నదీ మార్చుకోను. మన దేశంలో ఇన్‌ఫ్లూయెంజా వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి వరకు మరోసారి పెరుగుతుంది, మధ్యలో మిగిలే నెలల కోసం అలవాటు తప్పించడం దేనికి?

ఇన్‌ఫ్లూయెంజా టీకా గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. అది ప్రభుత్వం ఉచితంగా టీకాలు వేసే సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు, డబ్బు పెట్టి ఏటా వేయించుకోవాలి. డయాలిసిస్ రోగుల శరీరం టీకాకు అందరంత బాగా స్పందించదు కనుక, వారితో పాటు ఇంట్లోవారికీ వేయించడం అవసరం. కిలో లెక్కన కూలి తెచ్చుకునే ఇల్లు నలుగురికి ఆ ఖర్చు ఎలా భరిస్తుంది? నర్సు గారూ, మీ వైపు సిబ్బందికైనా ఉచితంగా వేస్తున్నారా? మాస్టారు ఫ్యాను అంచనా రాయించగలిగితే, ఈ రెండూ కలిపి ఒకే అర్జీగా జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ఇద్దాం.