దేవుణ్ణి నమ్ముతాం, గుడికి మాత్రం వెళ్లడం లేదు: మీ ఇళ్లలోనూ ఇంతేనా?

నల్లకుంట

పోయిన వారం మా అమ్మాయి ఏదో దరఖాస్తు నింపుతూ ‘మతం’ అన్న గడిని ఖాళీగా వదిలేసింది. ఎందుకమ్మా అంటే, “దేవుడి మీద నమ్మకం ఉంది నాన్నా. గుడులూ పీఠాలూ చెప్పేవాటి మీదే లేదు” అంది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. నేనూ గుడి గడప తొక్కి ఏడేళ్లయింది మరి.

కారణం చెబుతాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక వైకుంఠ ఏకాదశి నాడు పెద్ద గుడిలో ధర్మదర్శనం వరుసలో నాలుగు గంటలు నిలబడింది. చేతిలో ఉన్న తులసిమాల వాడి నల్లబడిపోయింది. పక్క వరుసలో టికెట్టు కొన్నవాళ్లు పావుగంటలో వెళ్లిపోతున్నారు. తీరా గర్భగుడి ముందుకు చేరగానే “జరగండి, జరగండి” అంటూ భుజం పట్టుకుని పక్కకు నెట్టారు. స్వామిని చూశావా అమ్మా అంటే, “కిరీటం కనిపించిందిరా” అంది. ఆ రోజే నా మనసు విరిగింది. అయినా రోజూ స్కూటరు తీసే ముందు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటాను. మీ అనుభవాలు చెప్పండి. వాదనకు కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మారేడుపల్లి

అన్నగారూ, మాది మూడు తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నీ మూతపడ్డాయి. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవవచ్చన్నారు కానీ, మా సంఘంలో చాలామంది తిరిగి రాలేదు. నేనూ వెళ్లలేదు. అంతకు ముందే ఆస్తి తగాదాతో సంఘం రెండు వర్గాలైంది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలోనే ఒకరి చేతిలోని మైకు ఇంకొకరు లాక్కున్నారు. ఫోనులో వాక్యం వింటూ వంటింట్లో ప్రార్థన చేసుకుంటే చాలనుకున్నాను.

తర్వాత మావారికి గుండె ఆపరేషన్ అయింది. తొమ్మిది రాత్రులు ఆస్పత్రి వరండాలో నాకు తోడుగా వంతులవారీగా కూర్చున్నది ఆ చర్చివాళ్లే. రెండు వర్గాలవాళ్లూ వచ్చారు. ఆ మైకు లాక్కున్న పెద్దాయన తెల్లవారుజామున మూడింటికి ఫ్లాస్కులో టీ తెచ్చి, నేను తాగేదాకా నిలబడి ఉన్నాడు. ఆదివారాలు ఇప్పటికీ వెళ్లడం లేదు. కానీ నాకు సంఘం అక్కర్లేదని మాత్రం ఇక అనలేను.

లెక్కల మాస్టారు

ఒక్క మాట. ‘మతం తగ్గిపోతోంది’ అన్నది ఎక్కువగా పడమటి దేశాల సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2011 జనగణనలో 59.3 శాతం. 2021కి 46.2 శాతమయ్యారు, అంటే సగానికన్నా తక్కువ. మన దేశంలో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ దాదాపు 30,000 మందిని అడిగి 2021లో వెల్లడించిన సర్వేలో 97 శాతం దేవుణ్ణి నమ్ముతున్నామన్నారు. ఇక్కడ సడలుతున్నది నమ్మకం కాదు, మధ్యవర్తుల మీద గౌరవం. టికెట్ల వరుసే దానికి మొదటి కారణమని నేను గట్టిగా నమ్ముతాను. చిల్కూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం లేదు. జనం ఎలా వస్తారో చూడండి.

కొండాపూర్

చిల్కూరు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2009లో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేశాను. వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108 చేయాలని వెళ్లాను. లెక్క తప్పకుండా గళ్ల కార్డు ఒకటి ఉంటుంది, చుట్టుకు ఒక గడి కొట్టుకోవాలి. అరవై దాటేసరికి అరికాళ్లు మండిపోయాయి, చెమటకు సిరా చెదిరి గళ్లు కలిసిపోయాయి. ముందు నడుస్తున్న పెద్దావిడ నా కార్డు చూసి, “డెబ్బై రెండు అయ్యాయి బాబూ, నేను నీతోనే మొదలుపెట్టాను” అంది. ఆవిడ ఎవరో నాకు తెలియదు. అమెరికాలో ఉన్న ఆరేళ్లూ నాకు దేవుడు గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ గొంతే వినిపించేది. ఒంటరిగా ఇంట్లో పూజ చేసుకుంటే నాకది దొరకలేదు.

లాల్‌దర్వాజ

అందరూ గుడి, చర్చి అంటున్నారు. మా ఇంట్లో అసలు పూజ అమ్మ చేతుల్లోనే ఉండేది. ఆషాఢంలో బోనాల పండుగకు అమ్మవారి కోసం కొత్త కుండ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పాలు బెల్లం వేసి అన్నం వండి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుని నడిచేది. బోనం వండడానికీ ఎత్తడానికీ ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు ఆ కుండ నేను ఎత్తుతున్నాను. పీఠాలు, కమిటీలు ఉన్నా లేకున్నా ఇది ఆగదు.

ఖాళీ గడి

నల్లకుంట వారికి: 2023లో తెలంగాణ హైకోర్టు, జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘కులం లేదు, మతం లేదు’ అని రాసుకునే వీలు కల్పించాలని చెప్పింది. మీ అమ్మాయి గురించి భయపడకండి. మా ఇంట్లో దేవుడే లేడు. మా నాన్న కోరిక ప్రకారం ఆయన దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ పదకొండో రోజున ఏం చేయాలో తెలియక ముగ్గురం అన్నదమ్ములం ఆయన కుర్చీ చుట్టూ ఊరికే కూర్చున్నాం. ఎవరో ఒకరు ‘ఇప్పుడు ఇది చేయండి’ అంటే బాగుండునని నాకు అనిపించిన మాట నిజం.

అల్వాల్ అర్చకుడు

ఇవన్నీ చదివాక ఊరుకోలేకపోయాను. పెద్ద గుళ్లలో జరిగిన అవమానానికి మీరు దేవాలయాన్నే వదిలేస్తే నష్టపోయేది మాలాంటి చిన్న గుళ్లు. మాకు చిన్న గుళ్లకు ప్రభుత్వం ఇచ్చే ధూపదీప నైవేద్య పథకం కింద నెలకు 6,000 రూపాయలు వచ్చేది, 2023లో 10,000 చేశారు. అందులోనే నూనె, బియ్యం, మా ఇల్లు. మామూలు రోజుల్లో సాయంత్రం హారతికి ముగ్గురు ముసలమ్మలు వస్తారు. ఒక్కోసారి గంట కొట్టడానికి నేనే, హారతి ఇవ్వడానికీ నేనే. మా గుడిలో టికెట్టు లేదు, వరుస లేదు. ఎంతసేపు నిలబడినా జరగమనే మనిషి లేడు. మీరంతా ఎక్కడికి వెళ్లి విసిగిపోయారో నాకు అర్థమైంది. ఇక్కడికి ఎందుకు రాలేదో అర్థం కాలేదు.

నల్లకుంట

అయ్యగారూ, మీరు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా మా వీధి చివర కూడా చిన్న రామాలయం ఉంది. దాని ముందు నుంచే పెద్ద గుడికి వెళ్లేవాణ్ణి. అమ్మాయిని రమ్మని బలవంతం చేయను. అమ్మకు మాత్రం మీ మాటలు చదివి వినిపించాను. మీ గుడి ఎన్నింటికి తెరుస్తారు, మెట్లు ఎన్ని అని అడగమంది.

అల్వాల్ అర్చకుడు

ఉదయం ఆరింటికి తెరుస్తాను. మెట్లు రెండే. పక్కన పట్టుకోవడానికి ఇనుప గొట్టం ఉంది. లోపల కుర్చీ వేయిస్తాను.