వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న: గడ్డి కాల్చకుండా వేసినవాళ్లు చెప్పండి

వేమూరు_మాగాణి
మాది కృష్ణా డెల్టా, నల్ల నేల. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు పనల మీదున్న వరి ఎలా నానిపోయిందో తెలిసిందే, అప్పటినుంచి నవంబర్ వస్తే చాలు టెన్షన్. కోత ఆలస్యమైతే నేల ఆరేదెప్పుడు, దున్నేదెప్పుడు? నేరుగా వరి దుబ్బుల్లోనే మొక్కజొన్న వేస్తే ఎండలు ముదిరేలోపు గట్టెక్కుతుందా? గడ్డి కాల్చడం నాకు ఇష్టం లేదు.

కొల్లిపర_రైతు
వేసెయ్యండన్నా. వరి తర్వాత వేసే మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ అనే కలుపు వదలక మా దగ్గర చాలామంది ఎప్పుడో ఇటు మారిపోయారు. కోత అవగానే, పదును పోకముందే తాడు పట్టి వరుసల మధ్య రెండడుగులు, గింజకి గింజకి జానెడు దూరంలో కర్రతో గుంత చేసి ఒక్కో గింజ వేయించండి, ఎకరానికి 8 కిలోలు సరిపోతుంది.

దుక్కి ఖర్చు మిగులుతుందని అందరూ చెబుతారు గానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం రోజులు కలిసిరావడం. రబీలో ఈ పంట రెండు నెలలకు అటూఇటూగా పూతకొస్తుంది. ఆ సమయానికి ఎండ 35 డిగ్రీలు దాటి పొడిగాలి తగిలిందంటే పుప్పొడి చచ్చిపోతుంది, పీచు ఎండిపోతుంది, కండె సగం బోసిగా వస్తుంది. డిసెంబర్ మొదట్లో వేస్తే ఫిబ్రవరిలో పూత, అదే జనవరి చివరికి జరిగితే పూత ఏప్రిల్ ముంగిట్లో పడుతుంది.

పొలంగట్టు
అంతా బాగుంది గానీ గడ్డి సంగతి అంత తేలిక కాదు. మిషన్ కోత తర్వాత గడ్డి వరుసలుగా కుప్ప పడుతుంది, దాని కింద ఎలకలు చేరి విత్తనం తవ్వేస్తాయి, కలుపు మందు నేలకు తగలదు. కాల్చేవాళ్లని తిట్టడం సులువు, కూలీల ఖర్చు ఎవరిస్తారు?

వైరా_ఆయకట్టు
పొలంగట్టు గారు చెప్పిన ఇబ్బందులు నిజమే, అయినా మాది సాగర్ ఎడమ కాలువ చివరి భూమి కాబట్టి గడ్డి విలువ మాకు తెలుసు. కుప్పల్ని చెదరగొట్టి పలచగా సమంగా పరిపించండి, ఆ కాస్త ఖర్చు తర్వాత తడుల్లో కలిసొస్తుంది, నేల కప్పి ఉంటే తేమ తొందరగా ఆవిరైపోదు. పూతప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు మాత్రం తడి తప్పకూడదు. అప్పుడు నీళ్లు అందక ఎండ తోడైతే కాండం కుళ్లే మసికుళ్లు తెగులు పట్టి చేను నిలువునా పడిపోతుంది.

వ్యవసాయం_చదివా
దున్నకపోవడం ఒక్కటే చేసి సంరక్షణ సాగు అనుకుంటున్నాం. అందులో మూడున్నాయి: నేలను కదిలించకపోవడం, కప్పి ఉంచడం, పంట మార్చడం. మూడోది మనం దాదాపు వదిలేశాం, వరి తర్వాత మొక్కజొన్న, రెండూ గడ్డి జాతే, రెండూ నత్రజనిని లాగేవే. కండెలు విరిచాక తడి దొరికితే పచ్చిరొట్టకి పిల్లిపెసర గానీ జనుము గానీ చల్లండి. అయితే మొక్కజొన్నలో కొట్టే కలుపు మందు అట్రజిన్ మోతాదు మించితే దాని శేషం ఈ పైర్ల మొలకను దెబ్బతీస్తుంది, నల్ల నేలలో బాగా పని చేయాలని ఎక్కువ కొట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకోటి, మొక్కజొన్న సుడిలో చేరి లేత ఆకులు తినేసే కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో మొదట కనిపించి మన దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఊరంతా వారం పది రోజుల తేడాలో విత్తితే దాని ఉధృతి తగ్గుతుంది. ఒకరు డిసెంబర్‌లో, ఒకరు ఫిబ్రవరిలో వేస్తే దానికి ఎప్పుడూ లేత సుడి దొరుకుతూనే ఉంటుంది. మొక్కజొన్న మీద మళ్లీ మొక్కజొన్న అసలొద్దు, దున్నని నేలలో ఆ పురుగు ప్యూపాలు (కోశస్థ దశ) కదలకుండా ఉండిపోతాయి.

వేమూరు_మాగాణి
చాలా థాంక్స్ అందరికీ. గడ్డి ఉంచిన చేలో మొక్కలు మొదట్లో పసుపు పచ్చగా ఉంటాయని మా బాబాయి భయపెడుతున్నాడు, నిజమేనా?

వైరా_ఆయకట్టు
నిజమే తమ్ముడూ. గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడేసుకుంటాయి. మొదటి దఫా యూరియా ఆలస్యం చేయకుండా మొక్క మొదట్లో గుంత తీసి వేసి మూయించు, గడ్డి మీద చల్లితే సగం గాలికే పోతుంది. మీ బాబాయిని కూడా ఇక్కడికి రమ్మను, మీ వైపు ఎలకల బెడదకి ఆయన ఏం చేస్తారో మాక్కూడా కావాలి.