చర్చ: పెద్దవాళ్ళకూ, ఏడాదిన్నర దాటిన పిల్లకూ ఒకే వంట కుదురుతుందా?

చిట్టితల్లి_అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకు ఇరవై నెలలు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా మా ఆయనకు బాక్సు కట్టాలి. మామయ్యగారికి బీపీ, ఉప్పు తగ్గించాలి. అత్తయ్యగారికి ఏదో ఒక పచ్చడి లేనిదే ముద్ద దిగదు. ఇవన్నీ అయ్యాక పాపకు మళ్ళీ వేరే వంట. తీరా చేసి పెడితే ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది, మింగదు. పాలు మాత్రం ఎన్నిసార్లు ఇచ్చినా తాగేస్తుంది. ఒకే వంటలోంచి అందరికీ తీసే పద్ధతి ఎవరికైనా ఉందా? కారం ఎప్పుడు మొదలుపెట్టారు? ఫోన్ చూపించకుండా తినిపిస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాలకొల్లు_కోడలు:
వేరే వంట ఎందుకండీ, పప్పు రోజూ వండుతారు కదా. పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు ఏవీ వేయకుండా ఉత్త కందిపప్పు, పసుపు కుక్కర్‌లో పెట్టండి. పై గిన్నెలో బియ్యం. మీకు కొంచెం పలుకుగా కావాలంటే మీ అన్నం వేరుగా వండుకుని, పాప బియ్యానికి ఇంకో అర గ్లాసు నీళ్ళు ఎక్కువ పోయండి. మూత తీయగానే పాప వాటా పప్పు చిన్న గిన్నెలోకి తీసి, నెయ్యి, జీలకర్రతో పోపు పెట్టేయండి. మిగిలిన దాంట్లో మీరు తోటకూర వేసుకుంటారో, మామిడికాయ వేసుకుంటారో మీ ఇష్టం. పచ్చిమిర్చి పోపులోనే వేయాలి, పప్పుతో పాటు ఉడికిస్తే ఇక ఆ ఘాటు తీయలేం. సొరకాయ, బీరకాయ, క్యారెట్ ఏదైనా ఇంతే. ముందు ఉత్తగా మగ్గనిచ్చి, పాపకు తీసి, తర్వాత కారం చల్లండి. మామయ్యగారికి కూడా ఆ ఉప్పు వేయని దశలోనే తీసేయొచ్చు, ఒకే దెబ్బకు ఇద్దరిది అయిపోతుంది.

కర్నూలు_పిల్ల:
పప్పన్నం పప్పన్నం అని చంపుతారు పిల్లల్ని. రాగి పెట్టండి. మా సీమలో పళ్ళు రాకముందు నుంచే రాగి జావ, నడక వచ్చేసరికి సంగటి. మా వాడు సంగటి ముద్ద నెయ్యిలో అద్ది ఇస్తే నిమిషంలో మింగుతాడు, బుగ్గన పెట్టుకునే సమస్యే లేదు. పాలకంటే పదింతలు కాల్షియం అందులో.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
పదింతలు కాదండీ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మి.గ్రా. కాల్షియం, ఆవుపాలలో 118. అంటే మూడింతలు. అది కూడా పొడిపిండి లెక్క. గ్లాసు జావలో మనం వేసేది రెండు చెంచాలు, ఇరవై గ్రాములు అనుకుందాం, 70 మి.గ్రా. వస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లకు రోజుకు 500 కావాలి. ఒక్క రాగి మీద ఆధారపడితే చాలదు. నేను ఈ చదువే చదివాను, పన్నెండేళ్ళుగా ఇదే పని.

కర్నూలు_పిల్ల:
జావ ఎవరు తాగుతున్నారమ్మా, నేను సంగటి అన్నాను. సంగటికి రెండు చెంచాలు వేస్తారా ఎవరైనా? మా అవ్వ చదువుకోలేదు, పట్టికలు చూడలేదు, తొంభై ఏళ్ళకు కూడా నీళ్ళబిందె ఎత్తింది.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
ఫోన్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదేంటి? నాకదే పెద్ద తలనొప్పి. నేను పగలు పడుకుంటాను, మా అత్తమ్మ చూసుకుంటుంది. లేచేసరికి పిల్లగాడి చేతిలో ఫోన్, నోట్లో అన్నం. రెండేళ్ళ లోపు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఆ తర్వాత కూడా గంటకు మించొద్దంది. ఇది ఇంట్లో చెప్తే "నువ్వు తినిపించు మరి" అంటరు. ఏం జవాబు చెప్పాలె?

గుంటూరు_అమ్మమ్మ:
నేను ముగ్గురిని పెంచి, ఇప్పుడు మనవడిని చూస్తున్నాను. కారం గురించి ఇంత గొడవేమిటమ్మా? ఏడాది నిండాక మేం తినేదే, చారు వేసి కలిపి పెట్టాం. గుంటూరులో పుట్టిన పిల్ల కారం తినకపోతే ఎలా? రాగి మాత్రం చలవ, చలికాలంలో పెట్టకండి, జలుబు చేస్తుంది. ఉగ్గు పెట్టండి. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు, కాస్త జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, బరకగా విసిరి పెట్టుకుంటే నెల రోజులు భయం లేదు.

డల్లాస్_విజ్జి:
అమ్మమ్మగారూ, ఇరవై నెలల పిల్లకు ఉగ్గేమిటండీ, అది ఆరేడు నెలలప్పుడు. ఆ వయసులో ఇంకా మెత్తగా మింగించడం అలవాటు చేస్తే ఇదిగో ఇలాగే నమలకుండా బుగ్గన పెట్టుకుంటారు. చపాతీ ముక్క, ఇడ్లీ ముక్క, ఉడికించిన బీన్స్ చేతికిచ్చేయాలి. ఇక్కడ డే కేర్ వాళ్ళకైతే వేరుశెనగ వాసన తగిలినా బాక్సు వెనక్కే. ద్రాక్షపండ్లు నిలువునా నాలుగు ముక్కలు చేయకపోతే చెత్తబుట్టలో పడేస్తారు. మొదట్లో అతి చేస్తున్నారనిపించింది. తర్వాత అర్థమైంది, గుండ్రంగా ఉన్నది గొంతులో సరిగ్గా బిగుసుకుపోతుందట. పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకండి, పొడి చేసి ఇవ్వండి.

గుంటూరు_అమ్మమ్మ:
నేను పెంచినవాళ్ళు బాగానే నమిలారమ్మా. ఇద్దరు ఇంజనీర్లు.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
రాగి తింటే జలుబు చేస్తుందనడానికి ఆధారం లేదండీ. కారం వల్ల ప్రమాదం అని కాదు, చిన్న కడుపు, మంట పుడితే అన్నం మీదే భయం పట్టుకుంటుంది. మిరియం పొడితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవచ్చు. ఇంకో మాట, జావలో బెల్లం వేస్తే మంచిది, చక్కెర వేస్తే చెడ్డది అనుకుంటారు చాలామంది. బెల్లం కూడా చక్కెరే. రెండేళ్ళ దాకా రెండూ అవసరం లేదు. ఖర్జూరం గుజ్జు కలపండి.

అనకాపల్లి_సాయంత్రం:
ఇదిగో ఇలాంటి మాటలే వద్దనేది. బెల్లం, పంచదార ఒకటెలా అవుతాయి? మా ఊళ్ళో బెల్లం మార్కెట్ ఎంత పెద్దదో మీకు తెలుసా? తరాల నుంచి పిల్లలకు బెల్లం ముక్క చేతిలో పెట్టి పెంచాం. పంచదార మిల్లు నుంచి వస్తుంది, బెల్లం పొలం నుంచి వస్తుంది. ఇనుము ఉంది అందులో.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
ఇనుము ఉంది, కాదనను. కానీ పిల్లకు సరిపడా ఇనుము బెల్లంలోంచే రావాలంటే ఎంత తినాలో లెక్క వేయండి. పళ్ళు ముందే పోతాయి.

అనకాపల్లి_సాయంత్రం:
మీకు పిల్లలున్నారా అసలు? చదివిన లెక్కలు వేరు, ఇంట్లో ఏడుస్తున్న పిల్ల వేరు.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
ఉన్నారో లేదో మీకెందుకండీ? వంట గురించి మాట్లాడండి.

కర్నూలు_పిల్ల:
రాగి గురించి నేనొక మాట అంటే మూడింతలు, పదింతలు అని తగులుకున్నారు, ఇప్పుడు బెల్లం వంతు. ఈమెకి ఏది పెట్టినా నచ్చదు.

చిట్టితల్లి_అమ్మ:
నేను రాగి అడగలేదు, బెల్లం అడగలేదు. మా ఇంట్లో ఇప్పటికే రోజూ ఇదే పంచాయితీ, ఇక్కడ కూడానా? పాలకొల్లు గారికి మాత్రం థాంక్స్, ఈ పూట అలాగే పప్పు తీసి పెట్టాను. మామయ్యగారు కూడా బాగుందన్నారు. పాలు ఎక్కువ తాగడం గురించి ఎవరైనా చెప్పండి.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
అసలు సమస్య అదే. రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటితే ఆకలి చచ్చిపోతుంది. పాలలో ఇనుము దాదాపు లేనట్టే, పైగా వేరే తిండిలో ఉన్నదాన్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. అన్నానికి ముందు రెండు గంటలు పాలు వద్దు. గ్లాసుతోనే ఇవ్వండి, సీసా మానిపించండి. పప్పులో చివర నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. పిల్ల తెల్లగా పాలిపోయినట్టుంటే డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

నాన్న_రాజమండ్రి:
మా బాబు నేను తినిపిస్తే పది నిమిషాల్లో లాగించేస్తాడు. వాళ్ళమ్మ దగ్గరే మారాం. టెక్నిక్ ఏమీ లేదు, టెన్షన్ పడకూడదు, అంతే.

డల్లాస్_విజ్జి:
ఆదివారం మాత్రమే తినిపిస్తారు కదూ?

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
పప్పు ఎవరు వండిన్రు, గిన్నె ఎవరు కడిగిన్రు సార్?

నాన్న_రాజమండ్రి:
శని, ఆదివారాలు అండీ. అంత కోపం ఎందుకు, నేను మంచికే చెప్పాను.

పాలకొల్లు_కోడలు:
వాడు మీ దగ్గర తినేది పది నిమిషాల్లో ఎందుకంటే మీ దగ్గర వాడికి ఏడ్చి సాధించేది ఏమీ లేదు గనక. మా ఇంట్లో కూడా అంతే, వాళ్ళ తాతగారు కూర్చుంటే కిమ్మనకుండా తింటాడు.

కరీంనగర్_స్వప్న:
మా అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తరు, ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర అన్నీ అందులోనే. ఉత్త నీళ్ళలో కలిపి పెడితే మా పిల్ల మొహం తిప్పుకుంటది. నేను దాన్ని కొంచెం నెయ్యిలో వేయించి, పాలు చల్లి చిన్న లడ్డూలు కడ్తా. దోసె పిండిలో కూడా రెండు గుప్పిళ్ళు కలుపుతా, ఎవ్వరూ కనిపెట్టరు. చక్కెర ఉందని చదువుకున్నోళ్ళు మళ్ళీ నా మీద పడొద్దు.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
పడను. తింటోంది కదా, సంతోషం.

కర్నూలు_పిల్ల:
స్వప్నా, దోసె పిండి మాట బాగుంది. నేను మొలకెత్తించిన రాగిపిండి అలాగే కలుపుతాను. రాగులు రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో మూట కట్టి వేలాడదీస్తే మర్నాటికి తెల్లగా మొలక కనిపిస్తుంది. నీడలో ఆరబెట్టి, తడి పోయేదాకా మూకుట్లో తిప్పి, ఆ తర్వాతే మిల్లుకు ఇవ్వాలి. తడి ఉంటే మిల్లువాడు తిడతాడు, పిండి బూజు పడుతుంది. మొలకెత్తిస్తే కాల్షియం బాగా పడుతుందట, కావాలంటే మేడమ్‌నే అడగండి.

న్యూట్రిషన్_ఎమ్మెస్సీ:
అది నిజమే. కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు గింజలో తగ్గుతాయి.

కర్నూలు_పిల్ల:
ఒక్కటైనా ఒప్పుకున్నారు!

అనకాపల్లి_సాయంత్రం:
గొడవ కాదు గానీ బెల్లం కొనేవాళ్ళకు ఒక మాట. పచ్చగా, తెల్లగా మెరిసేది కొనకండి. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగులో, కాస్త నల్లగా ఉన్నదే అసలు బెల్లం. ఊళ్ళో మేం అదే వాడతాం, పైకి అందంగా ఉండదు కాబట్టి బజారులో అడిగేవాళ్ళు తక్కువ.

డల్లాస్_విజ్జి:
ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో దొరికేది అంతా పచ్చగానే ఉంటుంది. నల్ల బెల్లం ఒకసారి తెస్తే అడుగున ఇసుక వచ్చింది.

అనకాపల్లి_సాయంత్రం:
ఇసుక ఎప్పుడూ కాస్త ఉంటుంది, అందుకే నేరుగా వేయకూడదు. మునిగేంత నీళ్ళు పోసి సన్నసెగ మీద కరగనిచ్చి, చల్లారాక సన్న జల్లెడలోనో పాత పంచె గుడ్డలోనో వడగట్టండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలకు ఢోకా లేదు. జావకు, పాయసానికి, పులిహోరకు అందులోంచే చెంచాతో వేసుకోవడం.

నైట్‌షిఫ్ట్_హైదరాబాద్:
పులిహోరల బెల్లమా?

అనకాపల్లి_సాయంత్రం:
చిటికెడు. పులుపు విరుగుతుంది. మీ వైపు వేయరా?

గుంటూరు_అమ్మమ్మ:
మేమూ వేస్తాం. ఆవపొడి వేసే పులిహోరకు మాత్రం వేయం.

డల్లాస్_విజ్జి:
అమ్మమ్మగారూ, పొద్దున ఉగ్గు గురించి అన్నది మనసులో పెట్టుకోకండి. మీ దగ్గర ముక్కు ఉన్న వెండి ఉగ్గుగిన్నె ఉంటే ఒక సంగతి అడగాలి, దాని లోపలి మూల ఎలా శుభ్రం చేస్తారు?

గుంటూరు_అమ్మమ్మ:
విబూది, పాత టూత్‌బ్రష్. ముక్కులోకి దూది చుట్టిన పుల్ల. అయినా ఇరవై నెలల పిల్లకు ఉగ్గేమిటన్నావు కదా, నీకెందుకు?

డల్లాస్_విజ్జి:
నాకు కాదండీ, మా ఆడపడుచుకు వచ్చే నెల శ్రీమంతం. అమ్మ పంపిన పాతది మెరుగుపెట్టి ఇద్దామని.