పాత చీరలతో పాపకు బొంత: పై పొర జరిగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మా చెల్లికి పాప పుట్టింది. ఇంకో 12 రోజుల్లో బారసాల. అమ్మ పాత మంగళగిరి నూలు చీరలతో బొంత కుడుతున్నాను. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి గుడ్డ వెన్నలా అయింది, పసిబిడ్డ ఒంటికి అంతకంటే ఏం కావాలి!

నాలుగు పొరలు, గజం పొడవు, గజం వెడల్పు. మిషన్ మీద ఒక అంచు నుంచి గీతలుగా కుట్టుకుంటూ వస్తున్నా. కింది పొరని మిషన్ పళ్ళు లాక్కుపోతున్నాయి, పై పొర వెనకబడి చివర్లో రెండు వేళ్ళంత ఉబ్బుతోంది. ఇప్పటికి రెండుసార్లు విప్పాను. మధ్య నుంచి మొదలుపెడితే సరిపోతుందా? ఇప్పుడున్నది 14 నంబరు సూది, 16 వేయాలా? గుండుసూదులు పెట్టాను గానీ ఒక్కటి లోపల ఉండిపోయినా పాపకు గుచ్చుకుంటుందని టెన్షన్, లెక్కపెట్టి పెడుతున్నా, లెక్కపెట్టి తీస్తున్నా. అమ్మేమో "మిషన్ మానేసి చేత్తో టాకాలు వేసుకోవే" అంటోంది. చేత్తో అయితే 12 రోజుల్లో అవుతుందా, చేసినవాళ్ళు చెప్పండి.

ఇంకోటి. వెనక వేద్దామని కొన్న ఎర్ర కాటన్ గుడ్డ ఉప్పునీళ్ళలో రెండుసార్లు నానబెట్టినా రంగు దిగుతూనే ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా, దాన్ని పక్కన పెట్టేయమంటారా?

మిగిలిన ముక్కలతో ఫ్రెండ్ కొడుక్కి ఏనుగు బొమ్మ చేస్తున్నా. మింగేస్తాడని కళ్ళకు గుండీలు వేయలేదు, దారంతోనే కుట్టాను. లోపల బూరుగు దూది పెడితే ఉతికాక ఉండలు కడుతుందా?