అప్‌డేట్: చర్చి వరండాలో పడుకునే పెద్దాయనకు అద్దె గది దొరికింది

మా విజయవాడ సంఘం చర్చి వరండాలో పడుకుంటున్న అరవై ఏళ్లు దాటిన పెద్దాయనకు, చేతిలో ఆధార్ లేనందున ఎవరూ గది అద్దెకు ఇవ్వడం లేదని నాలుగు నెలల క్రితం ఇక్కడే అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కొత్తగా ఆధార్ నమోదు చేయించవద్దని, పాతది వెతికించమని ఒకరు రాసిన మాటే పనికొచ్చింది. ఆధార్ సేవా కేంద్రంలో విచారించగా, ఒకసారి నమోదైన వ్యక్తి మళ్లీ నమోదు చేసుకుంటే అది డూప్లికేట్‌గా తిరస్కరణకు గురవుతుందని చెప్పారు. తాపీపనితో వేలిముద్రలు అరిగిపోయి మొదట సరిపోలలేదు గానీ, కనుపాపలతో పాత నంబరు దొరికింది. చిరునామా మార్పుకు, ఆయన కొన్నాళ్లు తలదాచుకున్న నిరాశ్రయుల వసతి గృహం నిర్వాహకులు ఇచ్చిన ధ్రువీకరణ పత్రం సరిపోయింది.

అడ్వాన్సు సంఘం చెల్లించింది. ఒప్పందం మాత్రం ఆయన పేరిటే రాయించి, ఇద్దరు సంఘ పెద్దలు సాక్షి సంతకాలు చేశారు. సగం అద్దె ఆయనే తన వాచ్‌మన్ జీతంలోంచి కడుతున్నారు, మిగతాది ఆరు నెలల వరకు సంఘం భరిస్తుంది. స్త్రీల మైత్రి (మా సంఘంలోని మహిళల బృందం) వారు ఇంటింటా వంటప్పుడు పిడికెడు చొప్పున పక్కన పెట్టి పోగుచేసే బియ్యంలో కొంత ఆయనకు అందుతోంది.

వృద్ధాశ్రమాల గురించి నేను సేకరించిన వివరాలు అక్కరకు రాలేదు. ఆయన్ను ముందే అడిగి ఉంటే, తాళం తన చేతిలో ఉండే గదే కావాలని మొదటి రోజే చెప్పేవారు.