‘దీనార టంకాల’లోని దీనారం ఎక్కడిది?

ప్రశ్న: ‘దీనార టంకాల దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’ అన్న శ్రీనాథుడి సీసపాదంలో దీనారం అరబ్బు మాటే కదండీ? సుల్తానుల కాలంలో తెలుగులోకి వచ్చి ఉంటుందా?

జవాబు: అరబ్బుల కన్నా చాలా ముందే వచ్చిందండీ. మూలం రోమన్ల దెనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలైన వెండి నాణెం అది. అప్పట్లో పది ‘ఆస్’ కాసులకు సమానం కాబట్టి ఆ పేరు పెట్టారు. తొలి నాణేల మీద రోమన్ అంకె పది కూడా కనిపిస్తుంది. గుప్తుల కాలం వచ్చేసరికి మన దేశంలో దీనారమంటే బంగారు నాణెమే.

తెలుగు నేల మీది ఆధారమే కావాలంటే నాగార్జునకొండ శాసనం చూడండి. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి హయాంలో, ఉజ్జయిని ఆడపడుచు మహాదేవి రుద్రధర భట్టారిక అక్కడి మహాచైత్యానికి (పెద్ద బౌద్ధ స్తూపానికి) రాతి స్తంభంతో పాటు 170 ‘దినారి మాసక’లు ఇచ్చింది. భాష ప్రాకృతమే, కానీ చెక్కింది మన కృష్ణ ఒడ్డున! ఆ పద్యంలోని దక్షిణాధీశుడు, అంటే విజయనగర రాజు ప్రౌఢదేవరాయల ముత్యాలశాలకు వెయ్యేళ్లకు పైగా ముందు మాట ఇది. ఈ శాసనాన్ని ప్రస్తావించకుండా ఆ పాదానికి ‘అరబ్బు నాణెం’ అని అర్థం రాసి వదిలేస్తే చాలా పోగొట్టుకుంటాం. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం కూడా దొరికింది.

ప్రశ్న: మరి రోమన్ నాణేలు ఇక్కడ డబ్బుగానే చెల్లేవా?

జవాబు: అన్నిచోట్లా ఒకేలా కాదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడిన అగస్టస్, టైబీరియస్ వెండి నాణేల్లో కొన్నింటికి చక్రవర్తి ముఖం మీదుగా ఉలిగాటు పడి ఉంది. లోపల వెండేనా, రాగి మీద పూతా అని చూడడానికి కొట్టారని కొందరంటారు. పరాయి రాజు నాణెంగా చెల్లకుండా చేశారని ఇంకొందరి వాదం. పరీక్షకైతే అంచున గాటు పెట్టినా సరిపోతుంది, కాబట్టి నేను రెండోదానికే మొగ్గుతాను.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ టైబీరియస్ నాణేన్ని అచ్చొత్తిన మట్టి బిళ్లలు దొరికాయి. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు కూర్చున్న స్త్రీమూర్తి, పైన దారం దూర్చే కొక్కెం. అంటే మెడలో వేసుకోవడానికి చేసుకున్నవి. మన కాసులపేరు గుర్తొస్తుంది గానీ, దాని పుట్టుక ఇదేనని మాత్రం అనలేం. డబ్బుగా చెల్లని మట్టిబిళ్ల మీద కూడా ఆ ముద్రే కోరుకున్నారంటే, రోమన్ నాణెం ఈ ఊళ్లలో ఎంత తెలిసిన వస్తువో చూడండి.