1974 వండర్ వుమన్ పైలట్ మంచి ప్రింట్ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. కామిక్స్‌లోని సూపర్‌హీరోయిన్ వండర్ వుమన్‌గా టీవీ సీరియల్‌లో పేరు తెచ్చుకున్న లిండా కార్టర్ కంటే ముందే, 1974 మార్చిలో అమెరికాలోని ఏబీసీ ఛానల్‌లో క్యాథీ లీ క్రాస్బీ అదే పాత్ర వేసిన టీవీ సినిమా, అంటే పైలట్ (సీరియల్ తీయొచ్చా అని చూడటానికి ముందుగా తీసేది) ఒకటుంది కదా, దాన్ని మళ్లీ చూద్దామనుకుంటున్నాను. నా దగ్గరున్న కాపీలో బొమ్మ మసక, మాటలు సగం వినబడవు. ఇండియాలో ఉన్నవాళ్లకి మంచి ప్రింట్, సబ్‌టైటిల్స్‌తో, డబ్బు కట్టి అయినా సరే, ఎక్కడైనా దొరుకుతుందా?

చాలామంది దాన్ని తీసిపారేస్తారు గానీ నాకు మాత్రం ఇష్టమే. బంగారు రంగు జుట్టు, చేతుల మీద నక్షత్రాలున్న ఎర్ర టాప్, గూఢచారి కథ, అతీత శక్తులు దాదాపు లేవు, ఇక విలన్‌గా రికార్డో మాంటల్‌బాన్ ఎంత మర్యాదగా మాట్లాడతాడో! 1975 నవంబర్‌లో వచ్చిన కార్టర్ పైలట్ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోకి, అసలు కామిక్స్ దగ్గరికి వెళ్లిపోయింది. అందులో ఆమె గిర్రున తిరిగి వేషం మారడం కూడా తర్వాతి ఎపిసోడ్లలోలా మెరుపుతో కాదు, నెమ్మదిగా జరుగుతుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. అప్పట్లో అమెరికాలో టీవీలో చూసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, జనం ఏమనుకున్నారో కూడా చెప్పండి ప్లీజ్.